శ్రీనివాస రామానుజన్ – ఒక మహాసంఖ్య

శ్రీవైష్ణవ గృహములందు సంఖ్య పరాయి వస్తువు కాదు. బాలునకు మాటలు వచ్చిన తోడనే ద్వాదశనామములు నేర్పుదురు. ఆళ్వారులు పన్నిద్దరు, దివ్యదేశములు నూటయెనిమిది, దివ్యప్రబంధము నాలుగువేలు, భగవన్నామములు వేయి అని చెప్పుకొనుచునే పెద్దలు పిన్నలకు సంప్రదాయము నందించుచు వచ్చిరి. తులసిదళములను ఎంచి అర్చించుట, పూసలను లెక్కించి జపించుట మన నిత్యకృత్యములు. అట్టి యింట జన్మించి, సంఖ్యాచింతనమే జీవితముగా జేసికొని, ముప్పదిరెండవ యేటనే పరమపదించిన శ్రీనివాస రామానుజన్ చరిత్రము భక్తులు తెలిసికొనదగినది.

ఆయన పేరు వినగానే చదువుకొన్న పిల్లలు 1729 అను సంఖ్యను చెప్పుదురు. రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అది మిక్కిలి చిన్నది. ఒకటి ఘనమును పన్నెండు ఘనమును కూడినను అదియే వచ్చును. తొమ్మిది ఘనమును పది ఘనమును కూడినను అదియే వచ్చును. ఆ కథ లోకప్రసిద్ధము. కాని రామానుజన్ మనస్సు ఎట్టిదో, ఆయన భక్తి ఎట్టి పరీక్షకు నిలిచినదో తెలిసికొనుటకు మరియొక సంఖ్య మేలు. అది 39,72,99,90,29,388. అనగా మూడు లక్షల తొంబదియేడువేల రెండువందల తొంబదితొమ్మిది కోట్ల తొంబది లక్షల ఇరువదితొమ్మిదివేల మూడువందల ఎనుబదియెనిమిది. ఈ సంఖ్య ఎక్కడిదో తెలియుటకు ముందు ఆ మహనీయుని బాల్యమును స్మరింతము.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడ్డులో, మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాసయ్యంగారు కుంభకోణములో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనకీర్తనలు పాడెడి సాధ్వి. మాతామహి రంగమ్మాళ్ నామక్కల్ క్షేత్రమున నృసింహస్వామి దేవేరియగు నామగిరి తాయారునకు పరమభక్తురాలు. ఆ తాయారే ఆ కుటుంబమునకు ఇలవేల్పు. బహుకాలము సంతానము లేని కోమలతమ్మాళ్ కొఱకు పెద్దలు ఆ తల్లినే ప్రార్థించిరనియు, తత్ఫలముగా ఈ శిశువు కలిగెననియు ఆ యింటివారి విశ్వాసము.

బాలుడు పెరిగినది కుంభకోణమున శార్ఙ్గపాణి సన్నిధివీథిలో. ఆ యింటి నుండి కొంత దూరము నడచినచో ఆరావముదుని గోపురము. ఆ సన్నిధికిని సంఖ్యకును సంబంధము కలదని మన సంప్రదాయము చెప్పుచున్నది. నాథమునులు ఆ పెరుమాళ్ళపై నమ్మాళ్వారు పాడిన పది పాశురములను విని, అవి వేయింటిలోనివని వాని ఫలశ్రుతి వలన గ్రహించి, తక్కిన వానికై వెదకుచు బయలుదేరిరి. అట్లు లభించినదే నాలాయిర దివ్యప్రబంధము. కనబడిన కొంచెమును బట్టి కనబడని సమస్తమును వెదకుట ఆ వీథికి క్రొత్త కాదు. ఆ వీథిలో పెరిగిన ఈ బాలుడు తన మార్గమున అదియే చేసెను.

పాఠశాలలో ఆయన గణితమున ప్రథముడు. 1903 ప్రాంతమున ఆయన చేతికి కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణితసంగ్రహ మొకటి వచ్చెను. అందు ఇంచుమించు ఐదువేల సిద్ధాంతములు కలవు; ఉపపత్తులు మాత్రము మిక్కిలి స్వల్పము. సూత్రములుండి వ్యాఖ్యానము లేని గ్రంథమువంటిది అది. సూత్రమును చూచి దాని యుపపత్తిని తానే కల్పించుకొనుటయు, దాని నుండి క్రొత్త సూత్రములను సాధించుటయు ఆయనకు అలవాటయ్యెను. దాని ఫలము రెండు విధములైనది. గణితము తప్ప తక్కిన శాస్త్రములపై మనసు నిలువక, కుంభకోణము కళాశాలలో ఆంగ్లమున తప్పి విద్యార్థివేతనమును పోగొట్టుకొనెను. అవమానము సహింపజాలక 1905లో ఇంటిలో చెప్పకుండ రైలెక్కి మన విశాఖపట్టణమునకు వచ్చెను. తల్లిదండ్రులు తల్లడిల్లి పత్రికలో ప్రకటన వేయింపవలసి వచ్చెను. పిమ్మట చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చేరినను అచ్చటను పరీక్ష దాటలేదు.

పట్టము లేదు, ఉద్యోగము లేదు. 1909లో జానకి యను బాలికతో వివాహము జరిగెను. కాగితములు కొనుటకు ధనము చాలక ఆయన పలకపై లెక్కలు చేసి, మోచేతితో తుడిచి, తేలిన ఫలమును మాత్రము పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఈ యలవాటును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. లోకమునకు దక్కినది ఫలము. మోచేతి క్రింద చెరిగిపోయినది శ్రమ. ఆయనకు సర్వము ఆయాసము లేకయే స్ఫురించెనని తలచువారు ఆ పలకను మఱచినవారు.

1910లో ఆయన తన పుస్తకములను చంకనిడుకొని నెల్లూరు కలెక్టరుగా నున్న దివాన్ బహదూర్ రామచంద్రరావుగారి దర్శనమునకు వచ్చెను. గణితాభిమానియగు ఆ పెద్దమనిషి ఆ పుస్తకములలోని ప్రతిభను గుర్తించి నెలకు ఇరువదియైదు రూపాయలు పోషణార్థము ఏర్పాటు చేసెను. ఇతరుల సొమ్ము ఊరక తినుట యిష్టము లేక రామానుజన్ 1912 మార్చిలో చెన్నపట్టణము ఓడరేవు కార్యాలయమున ముప్పది రూపాయల గుమాస్తాగా చేరెను. 1913 జనవరి 16వ తేదీన ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడగు హార్డీకి తన సిద్ధాంతములను వ్రాసి పంపెను. హార్డీ ఆ లేఖను మొదట అనుమానముతో చూచి, పిదప ఆశ్చర్యపడి, ఆయనను తన యొద్దకు రప్పింపదలచెను.

అప్పుడు ధర్మసంకటము వచ్చినది. ఆచారవంతులగు బ్రాహ్మణులు సముద్రము దాటుట ఆనాడు నిషిద్ధము. తల్లి యనుమతి లేక రామానుజన్ కదలడు. ఆ సమయమున కోమలతమ్మాళ్‌కు స్వప్నమున కుమారుడు పాశ్చాత్యుల సభలో ఆసీనుడై కనబడెననియు, కుమారుని కార్యమునకు అడ్డు రావలదని నామగిరి తాయారు ఆజ్ఞాపించెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. తల్లి సమ్మతించెను. 1914 మార్చి 17న ఓడ చెన్నపట్టణపు రేవును విడిచెను.

కేంబ్రిడ్జిలో రామానుజన్ ట్రినిటీ కళాశాలయందు నివసించి, స్వయంపాకము చేసికొని, శాకాహారము విడువక కాలము గడపెను. అదే సంవత్సరము ఆగస్టులో ఇంగ్లండు యుద్ధమున దిగెను. కూరగాయలు, పాలు దొరకుట కష్టమయ్యెను. చలి దుస్సహము. అయినను అక్కడి యైదేండ్లలో ఆయన చేసిన పని అపారము. అందులో ఒక భాగమే మనము చెప్పుకొనుచున్న సంఖ్యకు మూలము.

ఆ విషయమును గృహస్థులకు తెలియునట్లు చెప్పెదను. నాలుగు తులసిదళములున్నవి. వానిని కుప్పలుగా పెట్టవలెను. నాలుగును ఒకే కుప్ప, మూడు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, నాలుగును విడివిడిగా. ఇట్లు ఐదు విధములు. కుప్పల వరుస మారినంత మాత్రమున విధము మారదు. ఐదు దళములైనచో ఏడు విధములు. పది యైనచో నలువదిరెండు. ఇదియే గణితశాస్త్రమున విభాగము అనబడును. ఛందశ్శాస్త్రము చదివినవారికి పింగళాచార్యుని ప్రస్తారము జ్ఞప్తికి రాగలదు. గురులఘువుల క్రమభేదమున ఎనిమిదక్షరముల పాదమునకు 256 వృత్తములు, ఇరువదియాఱక్షరముల ఉత్కృతికి 6,71,08,864 వృత్తములు అని మన పెద్దలు లెక్కించిరి. అక్కడ వరుస గణనకు వచ్చును గనుక అక్షర మొకటి పెరిగినకొలది సంఖ్య రెట్టింపగును, సూత్రము సులభము. విభాగమున వరుస లెక్కకు రాదు గనుక ఆ సులభసూత్రము పనికిరాదు. ఇరువదింటికి 627 విధములు, ఏబదింటికి 2,04,226, నూఱింటికి 19,05,69,292. రెండువందలకు ఎన్ని? ఆ విధములను క్షణమున కొకటి చొప్పున ఎంచిన యెడల లక్ష ఇరువదియైదువేల సంవత్సరములకు పైగా పట్టును. అనగా కలియుగ ప్రమాణమగు 4,32,000 సంవత్సరములలో నాల్గవ వంతును మించిన కాలము.

ఆ కాలమున ఇంగ్లండులో మేజర్ మాక్‌మహన్ అను గణితజ్ఞు డుండెను. పూర్వము మన దేశమున సైనికోద్యోగము చేసినవాడు, చేతిలెక్కలో అసాధారణుడు. ఇట్టి గణనకు పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలర్ అను మహాగణితజ్ఞుడు చూపిన త్రోవ యొకటి కలదు. కావలసిన సంఖ్యకు ముందున్న విభాగసంఖ్యలలో కొన్నిటిని కూడి, కొన్నిటిని తీసివేసినచో తరువాతి సంఖ్య వచ్చును. ఉదాహరణమునకు ఏడింటికి కావలెనన్నచో, ఆఱింటి పదునొకండును ఐదింటి యేడును కూడి, అందుండి రెండింటి రెండును, శూన్యమునకు చెప్పెడి ఒకటిని తీసివేయవలెను, పదునైదు వచ్చును. ఇట్లు మెట్టుమెట్టుగా ఎక్కుచు మాక్‌మహన్ రెండువందల వఱకు పట్టిక వ్రాసెను. ఒక మెట్టున తప్పినచో పైమెట్లన్నియు తప్పును. అట్టి యేకాగ్రతతో ఆయన చేరిన కడపటి సంఖ్యయే 39,72,99,90,29,388.

రామానుజన్ దారి వేఱు. మెట్లెక్కకయే శిఖరమును చూపగల సూత్ర మొకటి యుండితీరవలెనని ఆయన నిశ్చయము. హార్డీతో కలిసి మొదట స్థూలమైన సూత్రమును సాధించెను. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి, వర్గమూలములు, ఘాతములు అందు చేరియుండును. లెక్కించుటకు వాడునవి పూర్ణసంఖ్యలు. సూత్రమున నున్నవి ఎన్నటికిని తెగని భిన్నములు. ఆ స్థూలసూత్రము రెండువందలకు సుమారు 4,10,000 కోట్లు చెప్పును. ఇది నూటికి మూడు వంతులు హెచ్చు. ఇంత దగ్గఱగా వచ్చుటయే చాలునని మఱియొకడు తృప్తి పడియుండును. రామానుజన్ తృప్తి పడలేదు. ఇంకను సూక్ష్మమైన సూత్రము కలదని పట్టుపట్టెను. దానిని నిరూపించు యంత్రాంగము హార్డీ నిర్మించెను. ఇద్దఱును కలిసి పదముల వరుసగా నొక సూత్రమును కూర్చిరి.

పిదప పరీక్ష. నూఱింటికి ఆఱు పదములను కూడగా 19,05,69,291.996 వచ్చెను, సత్యసంఖ్యకు వేయింట నాలుగు వంతులు మాత్రమే తక్కువ. రెండువందలకు ఎనిమిది పదములను కూడిరి. 39,72,99,90,29,388.004 వచ్చెను. మాక్‌మహన్ మెట్టుమెట్టుగా ఎక్కి చేరిన శిఖరమును, రామానుజన్ దూరము నుండి చూపిన శిఖరమును ఒక్కటియే. దాదాపు నాలుగు లక్షల కోట్లలో భేదము ఒకటిలో వేయింట నాలుగు వంతులు! 1918లో ఈ పరిశోధనము ప్రకటింపబడెను. అందు వాడిన పద్ధతి నేటికిని సంఖ్యాశాస్త్రమున రాజమార్గము. 1937లో రాడమాకర్ అను పండితుడు దానిని సవరించి, ఎన్ని పదములు కూడినకొలది అంత కచ్చితముగా సత్యసంఖ్యను చేరెడి పూర్ణసూత్రమును సాధించెను. అట్టి సూత్రము కలదన్న రామానుజన్ నిశ్చయము అట్లు సార్థకమయ్యెను.

మాక్‌మహన్ పట్టికను పలువురు చూచిరి. రామానుజన్ చూచిన విధము వేఱు. నాలుగింటికి 5, తొమ్మిదింటికి 30, పదునాల్గింటికి 135, పందొమ్మిదింటికి 490. నాలుగు మొదలు ఐదేసి చొప్పున పోయినచో వచ్చు విభాగసంఖ్య లన్నియు ఐదింట భాగింపబడునని ఆయన కనుగొని నిరూపించెను. మన రెండువందలకు ముందున్న 199 ఆ వరుసలోనిదే; దాని విభాగసంఖ్య 36,46,07,24,32,125. ఐదింట భాగింపబడునని కడపటి యంకెయే చెప్పుచున్నది. ఇట్లే ఏడింటికిని పదునొకండింటికిని వేఱువేఱు నియమములను చూపెను. కూడుటకై పుట్టిన సంఖ్యలలో భాగహారపు నియమము దాగియుండుట ఎవరును ఊహింపనిది.

ఇక భక్తిని గూర్చి. నామగిరి తాయారు స్వప్నమున తనకు గణితసత్యములను చూపుననియు, నృసింహుని అనుగ్రహమునకు చిహ్నముగా రక్తబిందువులు కనబడుననియు రామానుజన్ ఆప్తులతో చెప్పెడివాడట. హార్డీ నాస్తికుడు. రామానుజన్ ఆచారమును పాటించెనే గాని మతవిశ్వాసమున అంత గాఢుడు కాడని ఆయన తలచెను. ఇంటివారును మిత్రులును చెప్పినది వేఱు. ఈ వివాదమును తీర్పవలసిన యవసరము మనకు లేదు. మనము గ్రహింపవలసిన దొకటి కలదు. భక్తుడును నాస్తికుడును ఒక సంఖ్య యెదుట కలిసికొనిరి. తాయారు చూపినదని రామానుజన్ తన సూత్రమును పరీక్షకు దూరముగా దాచుకొనలేదు. ఆయన హార్డీకి వ్రాసిన లేఖలలో ప్రధానసంఖ్యలను గూర్చిన కొన్ని వాక్యములు తప్పులని తేలినవి. అందుచేత ఆయన భక్తి తఱుగలేదు. ఆయన కీర్తియు తఱుగలేదు. ఉపపత్తి యెట్లు చెప్పవలెనో కేంబ్రిడ్జిలో నేర్చుకొనెను.

మన శాస్త్రములందు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములు చెప్పబడినవి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున పరపక్షములను యుక్తితో పరీక్షించిన పిమ్మటనే స్వపక్షమును స్థాపించిరి. ఆ యాచార్యుల నామమును ధరించిన ఈ గణితజ్ఞుడును తనకు తోచినదానిని ప్రమాణమునకు ఒప్పగించెను. స్ఫురణ దైవదత్తము కావచ్చును; దానిని సత్యమని లోకము ఒప్పుకొనుటకు శ్రమ కావలెను. మాక్‌మహన్ చేతిలెక్క లేనిచో ఆ సూత్రమునకు అంత గొప్ప సాక్ష్యము నాడు దొరకకపోయెడిది. రామానుజన్ స్ఫురణ లేనిచో ఆ చేతిలెక్క రెండువందల వద్దనే ఆగిపోయెడిది.

1917 నుండి ఆయన ఆరోగ్యము క్షీణించెను. ఆనాటి వైద్యులు క్షయ యనిరి. 1994లో ఆనాటి వైద్యలక్షణములను పరిశీలించిన వైద్యు డొకరు అది కాలేయమును పట్టిన అమీబావ్యాధి కావచ్చునని వ్రాసిరి. శుశ్రూషాలయములలో నుండగనే 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. అదే సంవత్సరము ట్రినిటీ కళాశాల ఫెలో గౌరవము నొసగెను; ఆ గౌరవమును పొందిన ప్రథమభారతీయు డాయనయే. 1919 మార్చి 27న బొంబాయి రేవున దిగెను. స్వదేశపు గాలి తగిలినను వ్యాధి తగ్గలేదు. 1920 జనవరిలో హార్డీకి కడపటి లేఖ వ్రాసి, అందు క్రొత్త విషయమును తెలిపెను. పడకయందును కాగితము విడువలేదు. భార్య జానకి ఆయనకు సేవ చేయుచుండెను. 1920 ఏప్రిల్ 26న చెన్నపట్టణమున చేత్పట్టులో పరమపదించెను.

వ్రాయుటకు కష్టమైనను ఒక విషయమును చెప్పక తప్పదు. సముద్రయాన ప్రాయశ్చిత్తము జరుగలేదను కారణమున బంధువులలో పెక్కురు అంత్యక్రియలకు రాలేదని చరిత్రలందు కలదు. ఆనాడు దహనసంస్కారపు ఏర్పాట్లకు పూనుకొన్నది పూర్వము నెల్లూరులో ఆదుకొన్న రామచంద్రరావుగారే. ఆచారమును మనము గౌరవింతుము. కాని తల్లికి తాయారే యనుమతి నొసగినదని నమ్మి, దూరదేశమున పస్తులున్నను నియమము తప్పక యుండిన వానికి కడపటి యాత్రలో తోడు తక్కువైనది. ఆచారమునకు ప్రాణము దయ యని పెద్దల మాట. ఆ దయ ఆనాడు లోపించెనేమో యని తలచిన మనసు నొచ్చును.

ఆయన వ్రాసిన పుస్తకములు 1957లో బొంబాయిలో యథాతథముగా ముద్రింపబడెను. కడపటి కాలపు కాగితములు 1976లో ట్రినిటీ గ్రంథాలయమున ఆండ్రూస్ అను అమెరికా గణితజ్ఞుని కంటబడెను. వానిలోని ఫలములకు ఉపపత్తులు వెదకుటకు పండితులకు పెక్కు దశాబ్దములు పట్టినది. పది పాశురములను బట్టి తక్కిన ప్రబంధమునకై బయలుదేరిన నాథమునులవలె, మోచేతితో చెరిపివేయబడిన శ్రమను వారు వెదకి తెచ్చుచున్నారు.

గృహస్థులు తమ బిడ్డలకు రామానుజన్ కథను చెప్పునపుడు స్వప్నమును మాత్రమే చెప్పి విడువరాదు. పలకను చెప్పవలెను, తప్పిన పరీక్షలను చెప్పవలెను, సరిచూచుకొన్న ఆ మహాసంఖ్యను చెప్పవలెను. శ్రద్ధ కలవానికే జ్ఞానము లభించునని గీతాచార్యుని యుపదేశము. శ్రద్ధ యనగా నమ్ముట యొక్కటియే కాదు, నమ్మినదానికై శ్రమించుటయు. ఆ రెండింటిని మన బిడ్డలకు నామగిరి తాయారు సహితుడగు శ్రీ నృసింహస్వామి అనుగ్రహించు గాక.